బొమ్మ పక్క జాగా

సుబ్రహ్మణ్యానికి తన బొమ్మ చుట్టూ అక్షరాలు పారాలి. తాను రాసుకున్న ఆత్మకథ నుంచి ఆయన కోరుకున్నది అంతకు మించి ఏమీ లేదని శాలినికి మొదటిరోజే తెలిసిపోయింది.

గోదావరిఖని చౌరస్తా దగ్గర ప్రశాంత్ నడిపే డీటీపీ సెంటర్లో ఈ-బుక్కుల పని ఆమె ఒక్కతే చేసేది. పెళ్ళిపత్రికలు, ఫ్లెక్సీలు, యూనియన్ కరపత్రాలు ప్రశాంత్ చూసుకుంటే, రిటైరైనవాళ్ళ ఆత్మకథలన్నీ ఆమె నెత్తిన పడేవి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సంతకం తప్ప మరేమీ రాయనివాళ్ళు వీడ్కోలు దండ వాడకముందే కలం పట్టుకుంటారు. ప్రతివాడూ పేదరికంలో పుడతాడు, దీపం వెలుతురులో చదువుతాడు, చివరికి ఒక మంత్రి పక్కన నిలబడి ఫోటో దిగుతాడు. శాలినికి ఆ పుస్తకాలు టైపు చేసీ చేసీ ఎవరి బాల్యం ఎవరిదో గుర్తుండటం మానేసింది.

సుబ్రహ్మణ్యం కోస్తా నుంచి వచ్చి గనుల్లో అండర్ మేనేజరుగా చేరి, చాలా పైకి పోయి దిగినవాడు. ఇప్పుడు జ్యోతినగర్లో అల్లుడి క్వార్టర్లో ఉంటున్నాడు. పుస్తకం పేరు 'పాతాళంలో నా ప్రస్థానం'. దాన్ని అచ్చు వేయించడం పాతకాలపు పద్ధతనీ, ఫోన్లోనే ప్రపంచమంతా చదువుతుందనీ ఆయనకెవరో చెప్పారు. అందుకని ఈ-బుక్కు చేయించుకోవటానికి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక సినిమా పత్రిక చంకలో పెట్టుకొచ్చాడు. అందులో ఒక హీరోయిన్ నడుము వంపు వెంబడే వ్యాసం మెలికలు తిరిగి దిగింది.

"ఇదిగో అమ్మాయ్, ఇలా రావాలి. నా హెల్మెట్ దగ్గర మొదలై, భుజం మీదుగా జారాలి," అన్నాడు.

కాగితం మీద పేజీ ఒకసారి కుదిరితే కదలదనీ, ఈ-బుక్కుకు అసలు పేజీయే ఉండదనీ శాలిని చెప్పింది. ఒకటే ఫైలు ఒక్కో ఫోన్లో, ఒక్కో యాప్‌లో ఒక్కో తీరుగా సర్దుకుంటుంది. చదివేవాళ్ళు అక్షరాలు పెద్దవి చేసుకుంటారు, చిన్నవి చేసుకుంటారు. బొమ్మ పక్కన మాటలు పెట్టమని ఫైలుకు చెప్పవచ్చు గానీ, ఆ మాట వినాలా వద్దా అన్నది చదివే యంత్రం ఇష్టం. ఆయన ఇదంతా ఫైలు ఎందుకు ఆలస్యమైందో గుమాస్తా విన్నవించుకుంటున్నప్పుడు వినే ముఖంతో విన్నాడు.

"అవన్నీ నాకెందుకమ్మా. చేసి చూపించు."

బొమ్మలు ఇరవై దాకా ఇచ్చాడు. అన్నింట్లోనూ ఆయనే. కానీ ఆయన ప్రాణం పెట్టుకున్నది ఒక్కదాని మీదే. 'ఆపత్కాలంలో నాయకత్వం' అనే అధ్యాయంలోది. ఎప్పుడో పేపర్లో పడ్డ నలుపు తెలుపు ఫోటో. గని ముఖద్వారం ముందు తెల్ల హెల్మెట్ పెట్టుకుని, ఒక చెయ్యి నడుము మీద వేసి, కెమెరాలోకి సూటిగా చూస్తూ ఆయన. అటొకరు, ఇటొకరు, నెత్తిన దీపాలతో, ఒళ్ళంతా మసితో ఇద్దరు కార్మికులు. గనిలో కప్పు కూలినప్పుడు తాను ముందుండి నడిపిన సహాయ చర్యల గురించి ఆ అధ్యాయంలో తొమ్మిది పేజీలు రాసుకున్నాడు.

ఆ ఫోటో స్కాన్ చేసినప్పుడే శాలిని కుడిపక్క మనిషిని గుర్తుపట్టింది. ఒంటి బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడే తీరు ఆమె పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ముఖం సగమే కనబడుతోంది. తల కిందికి వాలి ఉంది. పెద్దసారు పక్కన నిలబడే భాగ్యం దొరికినందుకు సిగ్గుతో కుంచించుకుపోయినట్టుంది. ఆమెకు అది కొత్తగా అనిపించలేదు. ఇంట్లో ఆమె ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం సుబ్రహ్మణ్యం మళ్ళీ వచ్చి ఆమె వెనక కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఫోటో అడ్డంగా వెడల్పుగా ఉంది. పక్కన మాటలకు చోటివ్వాలంటే దాన్ని స్క్రీనులో సగానికి కుదించాలి. కుదిస్తే ముగ్గురి ముఖాలూ ఆవగింజలయ్యాయి. ఆయన చప్పరించాడు. సరిగ్గా అప్పుడే శాలిని తండ్రి దావీదు ఆమెకు అన్నం గిన్నె తెచ్చాడు. లోపల కూర్చున్న మనిషిని చూసి గడప బయటే చెప్పులు విప్పాడు.

"నమస్తే సార్."

సుబ్రహ్మణ్యం అటు తిరక్కుండానే తల ఆడించాడు. ఆయన వేలు స్క్రీను మీద ఉంది.

"ఈ పక్కవాణ్ణి తీసెయ్ అమ్మాయ్. చూడు, కెమెరా వంకైనా చూడట్లేదు. అటువాణ్ణీ కోసెయ్. అప్పుడు బొమ్మ నిలువుగా సన్నగా వస్తుంది, పక్కన బోలెడు చోటు."

దావీదు స్క్రీను వైపు చూశాడు. ఎంతసేపో చూడలేదు. గిన్నెను టేబులు మూల పెట్టి, మూత నొక్కి, "పులుసున్నది బిడ్డా, ఒలుకుతది, సీదగ పెట్టుకో," అని చెప్పి, వచ్చినంత మెల్లగా వెళ్ళిపోయాడు.

శాలినికి సుబ్రహ్మణ్యం మీద కోపం రాలేదు. అటువంటివాళ్ళ మీద కోపం తెచ్చుకోవటం ఆమె ఎప్పుడో మానేసింది, చులకన ఒక్కటే మిగిలింది. కడుపు మండింది తండ్రిని చూసి. తన బొమ్మను తన ముందే కొయ్యమంటుంటే వినబడనట్టు పోయే మనిషి. దవాఖాన వరసలో ఆఫీసరు భార్య వస్తే జరిగి చోటిచ్చే మనిషి. చర్చిలో పాస్టరు చెయ్యెత్తేలోపే లేచి నిలబడే మనిషి. ముప్పై ఏళ్ళు బండలకింద టింబర్‌మన్‌గా కప్పుకు దుంగలు ఆనించి కూడా వెన్నెముక సంపాదించుకోలేదు, అనుకుంది. పులుసన్నం నోటికి పోలేదు.

సార్ పోయాక ఆమె అసలు ఫోటోను ముట్టుకోలేదు. బతిమాలాలని కూడా అనుకోలేదు. అక్షరాలు బొమ్మ పక్కన నిలవవని నిరూపిస్తే చాలు. బొమ్మ అడ్డంగా స్క్రీనంతా పరుచుకుంటుంది. అడ్డంగా ఉన్న బొమ్మలో ఎవరినీ కొయ్యాల్సిన పని ఉండదు. ఇందులో ఆమె మోసం చేయాల్సిన అవసరం కూడా లేదు. ఉన్నది ఉన్నట్టు చూపిస్తే సరిపోతుంది. నమూనా కోసం దాని నకలు మీద ఆయన చెప్పినట్టే ఒక నిలువు బొమ్మ, హెల్మెట్ వంపుతో సహా, తన చేతనైనంత నిజాయితీగా తయారు చేసి ఫైలు కట్టింది.

*

జ్యోతినగర్ క్వార్టర్లో భోజనాల బల్ల మీద యంత్రాలన్నీ వరసగా పరిచారు. సుబ్రహ్మణ్యం ఫోను, ఆయన భార్య మాణిక్యాంబ ట్యాబు, కూతురు భవ్యది పుస్తకాలు చదువుకునే నలుపు తెలుపు రీడరు, భవ్యదే లాప్‌టాపు. శాలిని ఒక్కొక్కదాంట్లో ఫైలు తెరిచింది.

లాప్‌టాపులో అద్భుతంగా వచ్చింది. అక్షరాలు హెల్మెట్ గుండ్రాన్ని తడుముతూ, భుజం మీద నుంచి జారి, నడుము మీది చెయ్యి దగ్గర చిన్న మెలిక తిరిగాయి. సుబ్రహ్మణ్యం ముఖం పండగైపోయింది. కూతుర్ని పిలిచాడు. ఆమె ఆఫీసు కాల్‌లో ఉండి రాలేదు.

తర్వాత ఫోను తెరిచారు. ఆయన రాసిన వాక్యం 'నేను కర్తవ్యనిర్వహణాతత్పరతతో' అని మొదలవుతుంది. బొమ్మ పక్కనున్న ఇరుకు సందులో 'నేను' ఒక్కటే పట్టింది. ఆ వెనకదాన్ని ఎక్కడ విరవాలో ఫోనుకు తెలియలేదు. అంత మాటా మూటకట్టుకుని బొమ్మ కిందికి పోయింది. పక్కనంతా తెల్లగా ఖాళీ. ఆ ఖాళీలో పైన 'నేను' ఒంటరిగా వేలాడుతోంది.

"చిన్న మాటలు రాస్తే పడుతయి సార్," అంది శాలిని.

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె ముఖంలో ఏమీ దొరకలేదు.

భవ్య రీడరు అసలు మాటే వినలేదు. బొమ్మను నడిమధ్య నిలబెట్టి, అక్షరాలన్నీ కిందికి తోసింది. బొమ్మ కింద రాసిన వ్యాఖ్య తర్వాతి పేజీకి పోయి, ఎవరిదో తెలియకుండా పడి ఉంది. మాణిక్యాంబకు చూపు ఆనదు కాబట్టి ట్యాబులో అక్షరాలు చింతగింజలంత పెట్టుకుంది. అందులో ఆయనదే ఇంకో బొమ్మ పక్కన వరసకు ఒక్కో మాటే పడి నిచ్చెనలా కిందికి దిగింది. ఆమె కళ్ళద్దాలు సవరించుకుని పైకి చదివింది.

"నేను. ఆ. రోజు. ధైర్యంగా." ఆగి, భర్త వైపు తిరిగింది. "మీ పక్కన ఒక్కో మాటకే చోటుందండీ. ఇంట్లో లాగానే."

శాలిని పెదవులు బిగబట్టి ట్యాబు తీసుకుంది. సుబ్రహ్మణ్యం లాప్‌టాపు ఒక్కటే సరైనదనీ, మిగతావి నాసిరకం సామాను అనీ తేల్చాడు. చదివేవాళ్ళ దగ్గరుండేది ఆ నాసిరకమే కదా అని ఆమె అంటుండగా ఆయన ఫోను మోగింది. ఆఫీసర్ల క్లబ్బులో ఆవిష్కరణ సభ పెట్టినవాళ్ళు. ఆయన లేచి కిటికీ దగ్గరకు పోయి, చాలాసేపు "అవునవును" అన్నాడు. తిరిగి వచ్చినప్పుడు గొంతు మారిపోయింది. ముఖ్య అతిథి కార్మికుల తరఫున మాట్లాడే మనిషట. వేదిక మీద ఒక పాత కార్మికుడు లేకపోతే బాగుండదన్నారట. పుస్తకంలో కూడా వాళ్ళు కనబడాలట.

"ఆ పెద్ద ఫోటో ఉంది చూడు, అది మొత్తం ఉంచేయ్. వెడల్పుగా. మా టీమ్ అది," అన్నాడు. అంతలోనే నుదురు రుద్దుకున్నాడు. "వాళ్ళిద్దరూ ఎవరో, ఇప్పుడెక్కడున్నారో..."

"కుడిపక్కాయన మా బాపు సార్," అంది శాలిని. "దావీదు. టింబర్‌మన్. ఎడమపక్క మా గట్టయ్య కాక, బాపు దోస్తు."

ఆయన చప్పట్లు కొట్టినంత పని చేశాడు. ముందే చెప్పొద్దా అని మందలించాడు. సభకు తండ్రిని తప్పకుండా తీసుకురావాలనీ, శాలువా కప్పుతామనీ, భోజనాలు కూడా ఉన్నాయనీ చెప్పి, అక్కడికక్కడే కొత్త వ్యాఖ్య రాయించాడు: 'నా వెన్నంటి నిలిచిన విశ్వాసపాత్రులైన కార్మిక సోదరులతో రచయిత.' శాలిని పళ్ళ బిగువున టైపు చేసింది. మాణిక్యాంబ ఆమె ముందు మరో కప్పు కాఫీ పెట్టింది.

ఆటోలో తిరిగి వస్తున్నంతసేపూ శాలినికి గాలిలో తేలుతున్నట్టే ఉంది. వ్యాఖ్య ఏదైతే ఏంది, బాపు పుస్తకంలో ఉంటాడు. ఆ ముసలాయనకు ఆ మాత్రం చాలు, పొంగిపోతాడు, పదిమందికి చూపించుకుంటాడు అనుకుంది. ఆ ఊహలో ప్రేమ ఎంత ఉందో, చులకన కూడా అంతే ఉంది.

*

దావీదు వాకిట్లో మంచానికి నవారు అల్లుతున్నాడు. మంచం పట్టె మీద మోకాలు ఆనించి, పట్టీని కిందినుంచి తీసి, పైనుంచి తిప్పి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగుతున్నాడు. తల్లి యేసమ్మ లోపల కూర తరుగుతోంది. శాలిని చెప్పులు విప్పుతూనే మొత్తం చెప్పేసింది, ఫోటో, సభ, శాలువా. తానేం చేసి అతన్ని పుస్తకంలో నిలబెట్టిందో కూడా చెప్పింది.

దావీదు పట్టీని ఇంకో వరస లాగాడు. గుంజి చూసి, బిగువు చాలక మళ్ళీ విప్పాడు.

"నన్ను తీసెయ్ బిడ్డా."

"ఏంది బాపు?"

"మొన్న కొయ్యమన్నడు గద. గట్లనే కొయ్యి."

అతనికి సిగ్గేమో అనుకుంది శాలిని. ఎప్పుడూ ఎవరిముందో ఒకరిముందు తలవంచుకునే బతికావనీ, ఒక్కసారైనా తల ఎత్తుకుని వేదిక మీద కూర్చుంటే ఏం పోతుందనీ అడిగింది. ఆ ఫోటోలో కూడా సారు పక్కన ఎట్లా ముడుచుకుని నిలబడ్డాడో చూస్తే తనకే సిగ్గయిందని నోరు జారింది. లోపల కత్తిపీట చప్పుడు ఆగింది.

దావీదు పట్టీ కొసను మోకాలికింద నొక్కిపెట్టి, చేతులు దులుపుకున్నాడు. మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఆయన ముంగట ముడుసుకున్ననా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "బొగ్గుబాయి దిక్కు సూస్తున్న బిడ్డా."

ఆమెకు అర్థం కాలేదు. అతను నవారు మీద చెయ్యి పెట్టి, ఏదో కొలుస్తున్నట్టు మెల్లగా చెప్పాడు.

"ఆనాడు పొద్దుగాల్నే కప్పు మాట్లాడుతుండె. కట్టెతోని తట్టి సూసినం, దొల్ల సప్పుడు. గట్టయ్య పోయి చెప్పిండు. షిఫ్టు ఆగద్దన్నడు సారు. కప్పు కూలి మాతోని పనిచేసే పోశం మీద వడ్డది. మేము బండలు తీస్తనే ఉన్నం, కాళ్ళు కనవడ్డయి. పానం ఉన్నదో పోయిందో ఎరుకలే. గప్పుడు మనిషిని పంపిండు. పేపరోళ్ళు వచ్చిండ్రు, ఇద్దరు పైకి రావాలె అని."

"ఫోటోకా?"

"ఫోటోకే. రాకపోతె ఇంకింతమందిని గుంజుకపోతరు, బండ కాడ చేతులు తక్కువైతయి. నేను, గట్టయ్య వచ్చినం. జల్ది అయిపోతదనుకున్నం. ఆయన హెల్మెట్ తుడిపిచ్చుకున్నడు."

దావీదు మళ్ళీ పట్టీ అందుకున్నాడు. కింది నుంచి తీశాడు, పై నుంచి తిప్పాడు.

"మేము దిగేసరికి పోశం పోయిండు," అన్నాడు.

యేసమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. ఆమెకు ఇదంతా తెలుసునని ముఖం చూస్తేనే తెలిసింది. తెలియనిది తనకొక్కదానికే. శాలిని పట్టె కొసన కూర్చుంది. తాను అడగకూడదనుకుంటూనే అడిగింది.

"మరి నమస్తే ఎందుకు పెట్టినవ్ బాపు? చెప్పులు గూడ ఇడిసినవ్."

దావీదు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఆమె ఎప్పుడూ చూడలేదు. అందులో మన్ననా లేదు, భయమూ లేదు.

"నమస్తే పెడితె తల ఊపుతడు, ఆడికి అయిపాయె. ఇగ ఆయనతోని ముచ్చట పెట్టే పని ఉండదు. పెట్టకుంటె, ఎవరవయ్యా నువ్వు అంటడు. గాయినతోని నేనేం మాట్లాడుత?"

నవారు లాగాడు. పట్టె కిర్రుమంది.

"గా పుస్తకంల ఆయన పక్కన నేనెందుకు నిలవడాలె? ఒక్కసారి నిలవడ్డ, సాలు."

తర్వాత జేబులోంచి ఫోను తీసి రామకృష్ణాపూర్లో ఉన్న గట్టయ్యకు కలిపి, స్పీకరు పెట్టాడు. గట్టయ్యకు చెవులు సరిగా వినబడవు. సంగతంతా రెండుసార్లు చెప్పించుకున్నాడు. శాలువా మంచిదేనా అని అడిగాడు. తర్వాత దగ్గు తెరలోంచి నవ్వాడు.

"నన్ను గూడ కొయ్యమను బిడ్డను. మనం లేకుంటె సారు ఎట్ల నిలవడ్తడో సూద్దాం."

*

పొద్దున్నే సెంటర్ తెరవగానే శాలిని ఫోటో ముందు కూర్చుంది. గట్టయ్యను కొయ్యడం సులువైంది, అతనికీ సారుకూ నడుమ జాగా ఉంది. దావీదుతోనే కష్టమైంది. అతని మోచెయ్యి సుబ్రహ్మణ్యం నడుము మీది చేతి వెనకగా వచ్చి, ఆ సందులో మసి చొక్కా తునక ఒకటి కనబడుతోంది. బొమ్మను పెద్దది చేసింది. గని గోడ రాళ్ళను చిన్న చిన్న ముక్కలుగా తెచ్చి ఆ సందులో అతికించింది. ఒక్క చుక్క మసి కూడా ఆయన చేతి దగ్గర మిగలకుండా చూసింది. నిన్నటి దాకా ఆ చొక్కాను ఉంచాలని కదా తిప్పలు పడింది అనుకుంటే, ఎవరో వేరే పిల్ల సంగతిలా అనిపించింది.

వ్యాఖ్య తీసేసింది. తర్వాత ఫైలు మొత్తంలో పోశం పేరు వెతికింది. దొరకలేదు. అధ్యాయం చివర 'దురదృష్టవశాత్తు ఒక కార్మికుణ్ణి కాపాడుకోలేకపోయాం' అని మాత్రం ఉంది, ఆ తర్వాతి వాక్యంలోనే ఆయనకు పై అధికారుల అభినందన లేఖ వచ్చింది. ఆ 'ఒక కార్మికుణ్ణి' పక్కన పేరు చేరిస్తే ఎవరూ గమనించరు. ఆమె కర్సరు పెట్టింది కూడా. తండ్రి అన్న మాట గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ పేరు కూడా ఆయన పక్కన ఎందుకు నిలబడాలి?

ఇరుకు స్క్రీనుల్లో అక్షరాలు నిచ్చెనలు కట్టకుండా ఒక షరతు రాసింది. వెడల్పు ఉన్నచోట మాటలు బొమ్మ పక్కన పారతాయి, లేనిచోట బొమ్మ ఒక్కటే నిలబడుతుంది. ఫైలు కట్టి నాలుగు యాప్‌లలో తెరిచి చూసింది. ఈసారి దేంట్లోనూ ఏదీ విరగలేదు. పని శుభ్రంగా వచ్చినందుకు ఆమెకు మామూలుగా కలిగే తృప్తి ఈసారి కలగలేదు.

పదకొండింటికి సుబ్రహ్మణ్యం వచ్చాడు. ప్రశాంత్ లేచి కుర్చీ వేశాడు. శాలిని లేచి నిలబడింది. రెండు చేతులూ జోడించి, "నమస్తే సార్," అంది. ఆయన తల ఆడించి, స్క్రీను చూసి, నొసలు ముడిచాడు.

"ఇదేమిటి? వాళ్ళేరి?"

"వద్దన్నరు సార్. ఇద్దరూ."

"శాలువా సంగతి చెప్పావా?"

"చెప్పిన. సభకు గూడ రారట."

"మొహమాటం," అన్నాడు ఆయన. "మంచివాళ్ళు. ఈ తరహా మనుషులకు పేరు మీద వ్యామోహం ఉండదమ్మా."

ప్రశాంత్ భయంగా ఆమె వైపు చూశాడు. శాలిని ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఉండటం ఇంత తేలిక అని ఆమెకు ఇంతకుముందు తెలియదు. సుబ్రహ్మణ్యం కాసేపు ఆలోచించి, వేదిక మీదికి అల్లుడి దగ్గర పనిచేసే డ్రైవరునో ఎవరినో పిలుద్దామని తనలో తానే తీర్మానించుకున్నాడు. తర్వాత మళ్ళీ బొమ్మ దగ్గరకు వచ్చాడు. గని ముందు, నడుము మీద చెయ్యి వేసుకుని, అటూ ఇటూ ఎవరూ లేకుండా నిలబడ్డ తనను కొంచెం అనుమానంగా చూసుకున్నాడు.

"ఈ పక్కంతా వెలితిగా ఉంటుందేమో కదా? వాళ్ళున్న చోటు."

"వెలితి ఉండదు సార్," అంది శాలిని. "మనుషులు పోయిన జాగల మీ మాటలే వచ్చి నిండుతయి."

సుబ్రహ్మణ్యం ఆ మాట ఒకసారి పెదవుల మీదనే అనుకున్నాడు. ముఖం విప్పారింది. చాలా బాగా చెప్పావమ్మా, సభలో వాడుకుంటానంటూ జేబులోంచి ఫోను తీసి, ఒక్కో అక్షరం నొక్కుతూ దాన్ని రాసుకున్నాడు.